గోడల్లో తడి చూసే మనిషి

మొన్న మంగళవారం గుడి వంటల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఫోటో కింద దీపం వెలుగుతోంది. నా చదువు రెండో తరగతితో అయిపోయింది కాబట్టి కింద రాసింది కూడబలుక్కోవడానికి నాకు చాలాసేపు పడుతుంది, కానీ దీపం బొమ్మకి చదువు అక్కర్లేదు. మనిషి పోయాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, వేలితో ఎంత జరిపినా అయిపోవు. మొట్టమొదటి దండం మా రియల్టర్‌ది, ఇళ్ళు అమ్మిపెడతాడు, తమ్ముడూ అని పిలుస్తాను. పోయినతను బతికున్నన్నాళ్ళూ వీడు "శనిగాడు" అని తప్ప ఇంకో మాటతో పిలవలేదు. అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో మనవాళ్ళకి ఒక మనిషి మీద ప్రేమ పుట్టాలంటే ఆ మనిషి ముందు చావాలి.

నేనేదో మంచిదాన్నని చెప్పుకోవడం లేదు. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. కాకపోతే నా తిట్లు అతను ఎదురుగా కూర్చుని విన్నాడు.

అతను ఇళ్ళు చూసే మనిషి. ఇక్కడ ఇల్లు కొనేవాళ్ళు ముందు ఒకణ్ణి పెట్టుకుని కప్పు నుంచి పునాది దాకా చూపించుకుంటారు కదా, ఆ పని. అంతకుముందు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాడట. పక్కవాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడమే ఉద్యోగం. కంపెనీవాళ్ళు ఆ ఉద్యోగం తీసేశారు గానీ ఆ అలవాటు తీయలేకపోయారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ప్యాంటు మీద మోకాళ్ళకి నల్లటి దిండ్లు కట్టుకుని, పట్టపగలు నుదుటికి లైటు పెట్టుకుని తిరిగేవాడు. గోడ కనిపిస్తే చాలు, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి చెవి ఆనించేవాడు. తర్వాత వాసన చూసేవాడు. ఆ తర్వాత జేబులోంచి రెండు సూదులున్న చిన్న మిషను తీసి గోడకి గుచ్చేవాడు. తడి ఉంటే అది కీచుమంటుంది. ఆ కీచు వినగానే అతని మొహంలో వచ్చే వెలుగు అతని పెళ్ళినాడు కూడా వచ్చి ఉండదు.

పని వేళల్లో అయితే సరే, గృహప్రవేశానికి పిలిచినా ఇదే వరస. ఒకళ్ళింట్లో వ్రతం జరుగుతోంది. పంతులుగారు కథ చెబుతుంటే అందరం అక్షతలు పట్టుకుని కూర్చున్నాం. ఇతను కనబడలేదు. ప్రసాదం పెట్టే వేళకి వంటింటి సింకు కింద అలమరలోంచి రెండు కాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంటావిడ జడుసుకుంది. అతను మెల్లగా వెనక్కి పాకి బయటికొచ్చి, చేతులు కడుక్కుని, ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకుని, "మీ పైపు కారుతోందండీ" అన్నాడు. కొత్త ఇల్లు, కొత్త పట్టుచీర, కొత్త వంటిల్లు, ఫోటోలు తీసేవాడు కూడా పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత ఆవిడ బొమ్మల కొలువుకి అతని భార్యని మాత్రమే పిలిచింది. ఇంకో ఏడాదికి ఆవిణ్ణి పిలవడం కూడా మానేశారు. ఆవిడ వచ్చి గోడలకి సూదులు గుచ్చుతుందని కాబోలు.

కొనమంటారా వద్దంటారా అని అడిగితే చెప్పడు. ఎంత ఖర్చవుతుందంటే చెప్పడు. ఏం ఫరవాలేదు కదా అంటే, ఫరవాలేదని కూడా అనడు. ఎవరేం అడిగినా ఒకటే మాట, "ఉన్నది రాస్తానండీ." ఇలాంటి మనిషిని ఏ రియల్టర్ పిలుస్తాడు. పిలిచిన రియల్టర్ మళ్ళీ పిలవడు.

ఇక నా సంగతి. మా ఆయన గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, నేను ఇంట్లో పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్మేదాన్ని. క్యారీ పాత వైపున ఎర్ర ఇటుకల ఇల్లు మాది, ముసలి తెల్లవాళ్ళ దగ్గర కొన్నాం. ఆయన పోయాక ఒక్కదాన్నీ అంత ఇల్లు ఏం చేసుకోను. అది అమ్మేసి గుడికి నడిచిపోయే దూరంలో ఒక్క గది కాండో, అంటే అపార్ట్‌మెంటులో సొంత వాటా, కొనుక్కోవాలని నా పట్టుదల. చూసుకున్నాను, అడ్వాన్సు కూడా ఇచ్చాను. చెప్పిన తేదీలోపల నా ఇల్లు అమ్ముడుపోకపోతే ఆ కాండో ఇంకొకరికి పోతుంది. పోతే నాకు మిగిలేది మా అమ్మాయి ఇంట్లో బేస్‌మెంటు. సపరేట్ బాత్రూం ఉంది, కార్పెట్ ఉంది, టీవీ ఉంది అని అది రోజూ ఆ బేస్‌మెంటుని నాకు అమ్మేది, ఏ రియల్టరూ అంత బాగా అమ్మలేడు. ఉన్నవన్నీ చెప్పేది. లేనిది ఒకటుంది, అది చెప్పేది కాదు. దానికి తలుపు లేదు. మెట్లు దిగితే గది, అంతే.

నా ఇల్లు కొనడానికి మన పిల్లలే వచ్చారు, హైదరాబాద్ వాళ్ళు. ఆ అమ్మాయికి ఐదో నెల. ఆరు దాటితే గృహప్రవేశం పనికిరాదని అక్కడినుంచి వాళ్ళత్తగారు ఫోన్‌లో ఒకటే గోల. అందుకని ముహూర్తం ముందు పెట్టేసుకుని ఇల్లు తర్వాత వెతుక్కుంటున్నారు. ఇంత తొందరలో ఉన్నవాళ్ళు మళ్ళీ దొరకరని రియల్టర్ తమ్ముడు ఎగిరి గంతేశాడు, ఇన్‌స్పెక్షన్ లేకుండానే కానిచ్చేద్దామన్నాడు. ఆ అమ్మాయి సరేనని తలూపి, ఇంటికెళ్ళి ఇతన్ని బుక్ చేసింది.

అమ్మేవాళ్ళు నింపాల్సిన కాగితం ఒకటుంటుంది. ఇంట్లో తడి ఉందా, చెద ఉందా, గోడల్లో ఏముంది అని పేరుపేరునా అడుగుతుంది. ఈ రాష్ట్రం మర్యాద చూడండి. ఉంది, లేదు, ఏమీ చెప్పను అని మూడు గళ్ళు పెట్టారు. తమ్ముడు మూడో గడిలో టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. నేను సంతకం చేశాను. నలభై ఏళ్ళుగా గొంతు చించుకుని మాట్లాడేదాన్ని, ఆ కాగితంలో మూగదాన్నయ్యాను.

అతను వచ్చిన రోజు పొద్దున్నే లేచి పెసరట్టు ఉప్మా చేశాను, అల్లం పచ్చడి నూరాను. మన తెలుగువాడే కదా, నాలుగు పెసరట్లు పెడితే చూసీ చూడనట్టు పోతాడనుకున్నాను. గుమ్మంలోనే చెప్పాడు, "పని అయ్యాక తింటాను పిన్నిగారూ. ముందే తింటే రాయడానికి చెయ్యి రాదు."

పడకగది గోడ దగ్గర మిషను కీచుమంది. స్విచ్చుబోర్డు మూత విప్పి, ఆ కన్నంలోంచి తోకలాంటి కెమెరా లోపలికి దూర్చి, నన్ను పిలిచి చూపించాడు. గోడ లోపల పాడైపోయిన మైసూర్‌పాక్‌లాగా పచ్చటి పొడి, కిందికి పోయేకొద్దీ ముద్ద. ఇదేమిటి నాయనా అంటే, నురగండీ అన్నాడు. చలి లోపలికి రాకుండా ఒకప్పుడు గోడల మధ్య ఖాళీలోకి గొట్టంతో కొట్టేవాళ్ళట. ఏళ్ళు గడిస్తే ముడుచుకుని పొడైపోతుందట, నీళ్ళు తగిలితే పట్టుకుని కూర్చుంటుందట. మేం కొట్టించలేదన్నాను. మీరు కొట్టించారని నేను అనలేదండీ అన్నాడు. బయటికి తీసుకెళ్ళి ఇటుకల మధ్య గుండ్రటి అతుకులు చూపించాడు, ముసలి తెల్లవాళ్ళ కాలంలో గొట్టం పెట్టిన గుర్తులు. ఇన్నేళ్ళూ అవి ఏదో డిజైను అనుకున్నాను నేను.

నా మీదికి ఏమీ రాలేదని ఊపిరి పీల్చుకున్నానో లేదో, మోకాళ్ళ మీద ఇంటిచుట్టూ పాకడం మొదలుపెట్టాడు. ఇటుకల అడుగు వరస దగ్గర ఆగిపోయాడు. అక్కడ రెండు మూడు ఇటుకలకి ఒకటి చొప్పున సందు ఉండాలట. గోడలోకి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికి కట్టినవాళ్ళే కావాలని వదులుతారట. మా ఇంటికి ఒక్కటంటే ఒక్క సందు లేదు.

ఎందుకుంటుంది. మేం ఆ ఇంట్లో దిగిన ఎండాకాలం మెట్ల పక్కన ఒక నల్లపాము పిల్ల కనిపించింది. గోడ మొదట్లో చూస్తే వేలు పట్టేంత కన్నాలు. కట్టినవాడు తాగి కట్టాడనుకున్నాం. కన్నం కనిపిస్తే మూయాలి, మా వైపు పిల్లలకి నడకతోపాటే వచ్చే విద్య అది. మా ఆయన సిమెంటు బస్తా తెచ్చి కలిపి ఇచ్చాడు, వద్దేమోనే అని ఒకసారి గొణిగాడు కూడా. నేను అట్లకాడతో కూరి, బొటనవేలితో నున్నగా అదిమాను. రెండు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత ఏటేటా ఊడినచోటల్లా మళ్ళీ కూరాను. ఆ ఇంట్లో నేను చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వం దాని మీదే. వాన నీళ్ళన్నిటినీ గోడలో పెట్టి తాళం వేశానని ఎవరు చెప్పారు నాకు.

"ఇవి ఎవరు మూశారండీ?" అని అడిగాడు.

"మా ఆయన. నేను వద్దంటూనే ఉన్నాను" అన్నాను. పోయినవాడు లేచొచ్చి కాదంటాడా.

అతను నుదుటి లైటు ఆ సిమెంటు మీద వేశాడు. వరసగా బొటనవేలి అచ్చులు, చిన్నవి. ఒకచోట గాజు అంచు కూడా దిగి ఉంది. చాలాసేపు చూశాడు. నా వైపు చూడకుండా, "మూసి ఉన్నాయని రాస్తానండీ. ఎవరు మూశారన్న గడి నా కాగితంలో లేదు" అన్నాడు.

అప్పుడు అడగకూడనిది అడిగాను. ఆ పడకగదిలో ఆయన పడుకునేది గోడ వైపే. ఏళ్ళ తరబడి దగ్గేవాడు. చివరికి పోయింది గుండెతో అని డాక్టర్లు రాశారు. కానీ ఆ పచ్చటి ముద్ద చూశాక డాక్టర్ల మాట మీద నమ్మకం పోయింది. "ఆయన దగ్గు ఈ గోడ వల్లేనా నాయనా?" అన్నాను.

తర్వాత ఇదే మాట చాలామందిని అడిగాను. డాక్టరు, మా అమ్మాయి, పంతులుగారు, ఆఖరికి రియల్టర్ తమ్ముడు, అందరూ నా మాట పూర్తికాకముందే ఛ ఛ అదేం లేదన్నారు. వాళ్ళకి ఎలా తెలుసో. అతను మాత్రం నుదుటి లైటు ఆర్పేసి, "నాకు తెలియదండీ" అన్నాడు.

"లేదని చెప్పు పోనీ."

"తెలియదండీ."

ఆ క్షణంలో అతన్ని చంపేద్దామన్నంత కోపం వచ్చింది. లోపలికొచ్చి, రాయాల్సింది రాసుకుని, చేతులు కడుక్కుని, చల్లారి అట్టముక్కలైపోయిన పెసరట్లు నాలుగూ తిన్నాడు. అల్లం పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు. ఇంత సిగ్గులేని మనిషిని నేను చూడలేదు.

మర్నాడు రియల్టర్ తమ్ముడు వచ్చి నన్ను కూర్చోబెట్టాడు. ఈ పిల్లలు పోతే పోనీ, ఇన్‌స్పెక్షన్ అడగని పార్టీ తన దగ్గర ఉందన్నాడు. పడకగదిలో గాలి మిషను పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టి, రంగు వేయిద్దామన్నాడు. మరి ఆ కాగితంలో ఇప్పుడు ఉందని రాయాలి కదా అన్నాను. వాడు నవ్వాడు. "రిపోర్టు వాళ్ళది అక్కా. నువ్వు చదివావా? లేదు. చదవగలవా? లేవు. చదవలేనిది నీకు తెలియనట్టే లెక్క."

పుట్టి బుద్ధెరిగాక నాకు చదువు రానందుకు సంతోషించిన మొదటి మనిషి వాడు. నాకూ బాగానే అనిపించింది. కాండో కళ్ళముందు ఆడుతోంది. నా తలుపు, నా గడియ, నా పోపు. తెలియదంటే పోయేదేముంది అనుకున్నాను.

సాయంత్రం ఇళ్ళు చూసే అతను మళ్ళీ దిగాడు, చేతిలో కాగితాలతో. ఆ అమ్మాయి మీకు ఒక కాపీ ఇమ్మందండీ, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివి వినిపించి పోతానన్నాడు. అక్కర్లేదన్నాను. ఎంతోసేపు పట్టదండీ అని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. వింటే తెలిసినట్టే. తెలిస్తే నా కాండో పోయినట్టే. నేను వంటింట్లోకి పోయి, వేయించి ఉంచిన కందిపప్పు మిక్సీలో పోసి బర్రుమనిపించాను. అతను ఆగాడు. మిక్సీ ఆపాను. "ఒకటి. పడకగది బయటి గోడ..." అన్నాడు. మళ్ళీ వేశాను. ఆపితే మళ్ళీ "ఒకటి" దగ్గరే ఎత్తుకుంటాడు. విసుగులేదు, కోపంలేదు, గడియారం వంక చూడటం లేదు. కందిపొడి కాస్తా మొహానికి రాసుకునే పౌడరైపోయింది. చివరికి మిక్సీయే వేడెక్కి ఆగిపోయింది. నాకంటే దానికి సిగ్గుంది.

పదకొండు అంశాలు చదివాడు, పంతులుగారు పంచాంగం చదివినట్టు. మధ్యలో నేను తిట్టాను. నీకు పెళ్ళాం బిడ్డలు లేరా, మొగుడు పోయిన దాని ఇల్లే దొరికిందా కూల్చడానికి, నీ మిషను నీ కళ్ళల్లో గుచ్చుకోను అన్నాను. అంతా విన్నాడు. "అయిందాండీ? ఐదు" అని ముందుకెళ్ళాడు. కన్నాల సంగతి తొమ్మిదోది. అడుగు వరస సందులు సిమెంటుతో మూసి ఉన్నవి, గోడలో నీరు నిలిచినది. అంతే చదివాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆయన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. నేను మోపిన నింద ఆ కాగితంలో లేదు. లేకపోయేసరికి అది తిరిగి నా దగ్గరికే వచ్చింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తమ్ముణ్ణి పిలిచి, ఆ మూడు గళ్ళ కాగితం తెమ్మన్నాను. గోడ దగ్గర, తడి దగ్గర "ఉంది" గడిలో టిక్కు పెట్టించాను. కింద వివరం రాయడానికి గీతలున్నాయి.

"రాయి. కన్నాలు మూసింది నేను. మా ఆయన కాదు. అది ముందు రాయి" అన్నాను.

"అవన్నీ అక్కర్లేదక్కా."

"పాములొస్తాయని మూశాను. అదీ రాయి."

"పాములు వద్దక్కా. కొనేవాళ్ళు జడుసుకుంటారు."

"పాము చిన్నదే. చిన్నదని రాయి."

రాశాడు, ఏడుస్తూ రాశాడు. ఈ దేశంలో నేను ఇంగ్లీషులో రాయించుకున్న మొదటి మాటలు అవే.

ఆ పిల్లలు వెనక్కి పోయారు. ఆ అమ్మాయి వచ్చి "సారీ ఆంటీ" అని నా చేతులు పట్టుకుంది, గోంగూర జాడీ ఇచ్చి పంపాను. ముహూర్తం వదులుకోలేక ఎవరో స్నేహితుల గరాజులో పాలు పొంగించుకున్నారట. కాండో తేదీ దాటిపోయింది. ఆకులు రాలేవేళకి ఎవరో కాంట్రాక్టరు, ఎలాగూ గోడలు పీకేసేవాణ్ణే అంటూ తగ్గించి కొన్నాడు. నా పాము చదివి తెగ నవ్వాడట. నేను రెండు పెట్టెలతో బేస్‌మెంటులో దిగాను. నిజం చెబితే మనసు తేలికవుతుందని గుడిలో చెబుతుంటారు. తేలికైంది. సామాను అంతా పోయాక ఏదైనా తేలికే.

బేస్‌మెంటు వైభోగం కూడా చెప్పాలి కదా. వేడి ఎంత ఉండాలో మా అల్లుడి ఫోన్ చెబుతుంది. పోపు గరాజులో, అది కూడా తలుపు ఎత్తి. మనవడి స్నేహితులు పింగ్‌పాంగ్ ఆడుకోవడానికి నా మంచం పక్కనుంచే పరిగెడతారు. మూలన ఒక కెమెరా. "నీ సేఫ్టీ కోసమే అమ్మా, నువ్వు పడిపోతే మాకెలా తెలుస్తుంది" అంది మా అమ్మాయి. చీర మార్చుకోవాలంటే బాత్రూంలోకి పోవాలి. మూడు నెలలు ఉన్నాను. అప్పుడు అతనికి ఫోన్ చేశాను. ఒకసారి వచ్చి ఈ గోడ చూడు నాయనా అన్నాను. కొత్త ఇంటికి ఇన్‌స్పెక్షన్ ఏంటి అత్తయ్యా అని మా అల్లుడు నవ్వి, పెద్దదాన్ని కదాని ఊరుకున్నాడు.

అతను వచ్చాడు. అప్పటికే కాస్త చిక్కిపోయి ఉన్నాడు, మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు. కెమెరా కంటికి ఆనని మూల ఒకటుంది, వాషింగ్ మిషను వెనక. తిన్నగా అక్కడికే పోయాడు. కొట్టాడు, చెవి పెట్టాడు, వాసన చూశాడు. మళ్ళీ ఒకసారి వాసన చూశాడు.

"పిన్నిగారూ, ఈ గోడకి పసుపు వాసన వస్తోందండీ."

నేను పైన వెళ్ళే పైపు వంక చూశాను.

"పూజ చేసిన నీళ్ళు ఎక్కడ పోస్తారు?"

"చెట్టుకి."

"ఏ చెట్టుకండీ?"

ఏ చెట్టుకీ కాదు, ఆ గోడ మొదట్లోనే పోస్తున్నాను. పదిహేను రోజులుగా పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. సూదులు గుచ్చాడు, మిషను కీచుమంది. ఈసారి అతని మొహంలో ఆ వెలుగు రాలేదు. కింద కూర్చుండిపోయాడు. తలుపులేని మెట్లు చూశాడు, కెమెరా చూశాడు, నా మంచం కింద దొర్లుతున్న పింగ్‌పాంగ్ బంతులు చూశాడు. తర్వాత కాగితం తీసి చాలాసేపు రాశాడు. నేను ఇస్తానన్నది ఏదీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

రిపోర్టు మా అల్లుడి ఫోన్‌కి వచ్చింది, చదివి తెలుగులో చెప్పాడు. గోడ అడుగున తడి ఉన్నది, అని ఉంది. అది ఉన్నదే. దాని కింద ఇంకొక వాక్యం ఉంది. గోడ తెరిచి పూర్తిగా ఆరేదాకా ఈ గదిలో పెద్దవయసువాళ్ళు ఎవరూ పడుకోకపోవడం మంచిది. మా అమ్మాయి మొహం పాలిపోయింది. ఇలా చేయండి, అలా చేయకండి అని ఆ మనిషి జన్మలో ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

వారం తిరక్కుండా నన్ను రెండో అంతస్తులో ఒక్క గది అపార్ట్‌మెంటులో పెట్టారు, గోడ ఆరేదాకా. గోడ పది రోజుల్లో ఆరిపోయింది. నేను తిరిగి వెళ్ళలేదు. మా అమ్మాయి రమ్మని అడిగినప్పుడల్లా నాకు దగ్గు వస్తుంది.

ఆ రెండో వాక్యం ఎందుకు రాశావని అతన్ని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఉన్నది చెప్పేసేవాడు.